మా శనివారం పేకాట, మాస్టారి నోటుబుక్కు



ఈసారి వరి గురించి కాదు. నాట్లు అయిపోయినాయి, కలుపు పని కూడా ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పుడు రాత్రిళ్ళు కొంచెం ఖాళీ దొరుకుతుంది గదా. ఆ ఖాళీలో మనోళ్ళు ఏం చేస్తారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. పేకాట గురించే రాస్తా ఉండా. తిట్టాలనుకునే వాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

మేము ఐదుగురం. ఒకరు లెక్కల మాస్టారు, ఇప్పుడు రిటైరయ్యారు. ఒకరు ట్రాక్టరాయన. ఒకరు మా బావ. నేను. ఇంకొకడు. ఆ ఇంకొకడి గురించే ఈ రాత. పేరు రాయను, వాడు అనే రాస్తా. వాడూ నేనూ బుచ్చిలో చదువుకున్నప్పటి నుంచి ఒకే బెంచీ, ఆ తర్వాత ఒకే కాలవ కింద పక్క పక్క కయ్యలు.

2003లో మొదలుపెట్టాం. శనివారం రాత్రి, మా ఇంటి పంచలో, చాప మీద. కోతలప్పుడు, నాట్లప్పుడు లేదు. మిగతా రోజుల్లో ఏడాదికి ముప్పై శనివారాలు పడేవి అనుకోండి. రెండు కట్టలు, పదమూడు ముక్కలు, 201 పూలు. మనిషికి 50 రూపాయలు. ఐదుగురికి 250. చివరిదాకా నిలబడినోడికి 230, మిగిలిన 20 ఒక హార్లిక్స్ డబ్బాలో. ఆ డబ్బా బజ్జీలకీ టీకీ. రాత్రికి రెండు పూల్‌లు, పదకొండుకల్లా ఎవరింటికి వాళ్ళు. మా ఆవిడ తొమ్మిదింటికి ఒకసారి టీ ఇచ్చి, పదిన్నరకి ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు వినిపిస్తే ఆట ముగిసినట్టే.

పట్నాల్లో పిల్లలు దీన్నే పోకరు అని ఆడతారంట, అమెరికాలో ఉండే మా అన్న కొడుకు చెప్పాడు. శుక్రవారం రాత్రి నలుగురు తెలుగోళ్ళు ఒకరింట్లో కూర్చుంటారంట, తలా పది డాలర్లు పెట్టుకుంటారంట. ముక్కలు వేరే గానీ చాప అదే అన్నమాట.

మాస్టారికి ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి ఆటకీ పాయింట్లు ఎట్టాగూ రాయాలి గదా, ఆయన తారీఖు వేసి, ఎవరికెంత వచ్చింది, ఎంత పోయింది అంతా రాసేవారు. లెక్కల మాస్టారు మరి. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఆట ఆగిపోయినప్పుడు ఆయనకి పొద్దుపోక పదిహేడేళ్ళ లెక్క మొత్తం కూడి పెట్టారు. మళ్ళీ కలిసిన మొదటి శనివారం చదివి వినిపించారు. ఎక్కువ పోగొట్టుకుంది నేను, 8,900 రూపాయలు. మా బావ, ట్రాక్టరాయన, మాస్టారు ముగ్గురూ నష్టంలోనే. బజ్జీల డబ్బాలోకి పోయింది 20 వేల పైచిలుకు. లాభంలో ఉన్నది ఒక్కడే. వాడు. 2,310 రూపాయలు.

అందరం చప్పట్లు కొట్టాం. నేను ఏమన్నానో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "రేయ్, నువ్వు ఈ పంచలో కూర్చుని వేస్టురా. ఫోన్లో ఆడి ఉంటే లక్షాధికారివి అయ్యేవాడివి" అన్నా. నవ్వులాటకే అన్నా.

వాడి ఆట నిజంగా మంచి ఆట. రమ్మీలో గొప్పంతా షో కొట్టడంలో ఉందనుకుంటారు చాలామంది. కాదు. చేతిలో ముక్కలు చూసి, సీక్వెన్స్ పడే దారి లేదు, జోకరు లేదు అని తెలియగానే మూసి పెట్టి "డ్రాపు, పాతిక రాసుకో" అనగలిగినోడే ఆటగాడు. నాకు చేతకాదు. ఒక్క ముక్క వస్తే అయిపోతుందని కూర్చుంటా, ఎవడో షో కొడతాడు, ఎనభై పడతాయి. వాడు మాత్రం పాతికకి పాతిక ఇచ్చేసి వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చేవాడు. వ్యవసాయంలో కూడా అంతే వాడు. నీళ్ళు రావని తెలిస్తే ఎడగారు వేసేవాడు కాదు. నేను వేసి ఎండబెట్టుకునేవాణ్ణి.

మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2020లోనే నిషేధించారు. ఫోను మన రాష్ట్రంలో ఉందని తెలిస్తే యాప్ తెరుచుకునేది కాదు. కానీ మనిషి బుచ్చిలో ఉన్నా ఫోను ఇంకో రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్ ఇంకొకటి ఉందంట. ఎవరో కుర్రాడు పెట్టిచ్చాడు. 2022 చివర్లో మొదలుపెట్టాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

తెలియాల్సిన గుర్తులు మాత్రం మా కళ్ళ ముందే ఉండినాయి. మొదట శనివారాలు ఎగ్గొట్టడం. "నీళ్ళ వంతు ఉందిరా" అనేవాడు. వాడి పక్క కయ్య నాదే, ఆ రాత్రి వంతు ఎవరిదో నాకు తెలీదా? అయినా అడగలేదు. వచ్చినప్పుడు మా ఆట మీద చిరాకు. మాస్టారు నిదానంగా ముక్క సర్దుకుంటా ఉంటే "తొందరగా వెయ్యండి సార్, తెల్లారుతుంది" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన్ని వాడు ఆ మాట అనడం అదే మొదటిసారి. ఇంకోటి, అన్నిటికన్నా పెద్ద గుర్తు. వాడు డ్రాపు కొట్టడం మానేశాడు. చెత్త ముక్కలతో కూడా కూర్చునేవాడు. నాలాగా. నేను దాన్ని చూసి సంతోషపడ్డా, ఈసారి నోటుబుక్కులో నేను పైకొస్తానని.

2024 డిసెంబరులో ఎరువులకని నా దగ్గర 40 వేలు తీసుకున్నాడు. ఇచ్చా. వాడి కయ్యలో ఎరువు పడలేదని గట్టు మీద నిలబడితేనే తెలుస్తుంది, పైరు పసుపుగా ఉంది. అదీ అడగలేదు. స్నేహితుణ్ణి డబ్బు లెక్క అడగడం మర్యాద కాదనుకున్నా. ఇప్పుడనిపిస్తుంది, అది మర్యాద కాదు, బద్ధకం.

సంక్రాంతి దాటిన వారానికి వాళ్ళావిడ పొద్దున పదింటప్పుడు మా ఇంటికి వచ్చింది. మా ఆవిడతో మాట్లాడతాదని నేను లేచి బయటికి పోబోతే, "ఉండన్నా, నీతోనే పని" అంది. వాకిట్లోనే నిలబడి అడిగింది.

"నా గాజులు మీ ఆటలో పోయినాయా అన్నా?"

నాకు అర్థం కాలేదు. "గాజులేందమ్మా?" అన్నా.

"శనివారం శనివారం ఇక్కడికే గదన్నా వచ్చేది. ఇంక యాడ పోతాయి?"

అన్నలారా, అంతకన్నా పెద్ద దెబ్బ నేను తినలేదు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పైరంతా మునిగినప్పుడు కూడా అంత కుంగిపోలేదు. యాభై రూపాయల ఆటమ్మా, బజ్జీలకి ఆడే ఆటమ్మా అంటే ఆ తల్లి నమ్మాలా? ఊళ్ళో పేకాట అంటే కొంపలు కూల్చేది అనే పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. మూడు ముక్కలాటలో ఎకరాలు రాసిచ్చినోళ్ళు మా తాతల కాలంలోనూ ఉన్నారు.

సాయంత్రం మాస్టారిని తీసుకుని వాళ్ళింటికి పోయా. నోటుబుక్కులు మూడూ పట్టుకొచ్చారాయన. ఆమె ముందు పెట్టి పేజీ పేజీ తిప్పి చూపించారు. ఆమె చదువుకున్నదే, పదో తరగతి. చాలాసేపు చూసింది. చివరికి "ఇన్నేళ్ళూ గెలుస్తానే ఉన్నాడా?" అని అడిగింది. అడిగి ఏడ్చింది. అప్పుడు లోపలి గదిలోంచి వాడు బయటికొచ్చి మంచం పట్టీ మీద కూర్చున్నాడు. మా మొహం చూడలేదు.

మొత్తం 4 లక్షల 70 వేలు. గాజులు, గొలుసు బ్యాంకులో. మిగతాది చేబదుళ్ళు. ఆ ఏడాది మద్దతు ధర లెక్కన 850 కేజీల పుట్టి ఏ గ్రేడు 19,720 రూపాయలు పడుతుంది. అంటే 24 పుట్లు. వాడికి నాలుగెకరాలు, ఎకరాకి మూడు పుట్లు. ఖర్చులన్నీ పక్కన పెట్టినా రెండేళ్ళ పంట.

వాడు అప్పుడు కూడా వాదించాడు. "రమ్మీ జూదం కాదు. సుప్రీంకోర్టే చెప్పింది" అన్నాడు. యాప్‌లో చూపించే మాట అది. అబద్ధం కూడా కాదు. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద కేసు పెడితే, 1967 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది: మూడు ముక్కలాట ఒట్టి అదృష్టం, రమ్మీ అట్టా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో నేర్పు కావాలి అని. మాస్టారు దాని మిగతా సగం కూడా చెప్పారు. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. ఆట పెట్టించినోడు ఆ ఆటలోంచి లాభం తీసుకుంటుంటే అప్పుడది నేరం కావచ్చు అని. "ఆ సగం నీ ఫోన్లో చూపించారా?" అని అడిగారు.

ఆ తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని లెక్క వేశారు. ఇది మాత్రం మీరు జాగ్రత్తగా చదవండి. ఆటకి వంద పెడితే నీ వాటా కింద కంపెనీకి పది పోతుందనుకుందాం. మన హార్లిక్స్ డబ్బా కూడా 250కి 20 తీసుకునేది, నూటికి ఎనిమిది. పెద్ద తేడా లేదు. కానీ మనం రాత్రికి రెండుసార్లు తీస్తాం, వారానికొక రోజు. తీసింది మన కడుపులోకే పోతుంది. నువ్వు ఫోన్లో రాత్రికి ఎన్ని ఆటలు? "యాభై, అరవై" అన్నాడు వాడు. యాభై వేసుకో. అందరితో సమానంగా ఆడి, గెలుపూ ఓటమీ సరిపోయినా, వాటా కింద రాత్రికి 500 పోతాయి. ఏడాదిలో రెండొందల రాత్రులంటే లక్ష. ఎవడికీ ఓడకుండానే లక్ష. ఇంక ఓడితే?

వాడు కాగితం తీసుకుని మళ్ళీ తనే వేసి చూసుకున్నాడు. రెండుసార్లు. తర్వాత మాట్లాడలేదు.

నేను అన్న మాట సంగతి ఆరోజే చెప్పా. లక్షాధికారివి అయ్యేవాడివి అన్నా గదా, అది. వాళ్ళావిడ ముందే చెప్పా. వాడు "నువ్వనకపోయినా పోయేవాణ్ణేమోలే" అన్నాడు. "ఏమో" అన్నాడు చూడండి, అది నాతోనే ఉండిపోయింది.

అప్పుల సంగతి ఎక్కువ రాయను. ఆ రబీ వాడి కయ్యకి ఎరువూ నీళ్ళూ నేనూ బావా చూసుకున్నాం, కోత మిషన్ మాట్లాడి పెట్టింది ట్రాక్టరాయన, ఆయనకి రావాల్సిన ట్రాక్టరు బాకీ కూడా వెనక్కి నెట్టాడు. గొలుసు వచ్చింది, గాజులు ఇంకా బ్యాంకులోనే. ఫోను మార్చి బటన్ల ఫోను కొనిచ్చాం. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్, 22న రాష్ట్రపతి సంతకం కూడా అయింది. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు వాడు లేచి పశువులకి గడ్డి వెయ్యడానికి పోయాడంట. వాళ్ళావిడ చెప్పింది.

మరి మా శనివారం ఆట? మాస్టారు ఆపేద్దామన్నారు. ట్రాక్టరాయన ఒప్పుకోలేదు. "మనం ఆపితే శనివారం రాత్రి వాడొక్కడే ఉంటాడు. ఒక్కడే ఉండబట్టే గదా ఇంత దాకా వచ్చింది" అన్నాడు. రెండూ నిజమే. తేలక ఆరేడు నెలలు చాప పరచలేదు. చివరికి ఆమెనే అడుగుదామని నేనే పోయా. ఆమె గాజుల్లేని చేతులతో బియ్యం చెరుగుతా ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది. "మీతో కూర్చోనీయన్నా. మీతో కూర్చున్న ఇన్నేళ్ళూ ఏమీ పోలేదు గదా. డబ్బులు మాత్రం వద్దు."

అందుకని ఇప్పుడు చింతపిక్కలు. తలా యాభై. బజ్జీలు వంతుల వారీగా. మొదటి శనివారం ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. మా బావ చింతపిక్క ఒకటి నోట్లో వేసుకుని కొరికి పన్ను విరగ్గొట్టుకునేదాకా పోయాడు, అప్పుడు నవ్వులొచ్చినాయి. కానీ వాడు నవ్వలేదు. ముక్కలు పడతా ఉంటే వాడి బొటనవేలు చాప మీద ఊరికే కదలతా ఉండింది, ఫోను అద్దం మీద రాసినట్టు. అందరం చూశాం. ఎవరం ఏమీ అనలేదు. మొదట్లో రెండు నెలలు వాడు ప్రతి ఆటకీ కూర్చున్నాడు, చెత్త ముక్కలతోనే. ఎనభై, ఎనభై, ఎనభై. పిక్కలన్నీ మా వైపే.

పోయిన శనివారం మాస్టారు పంచారు. ఇస్పేటు రాణి తెరుచుకుంది, జోకరు ఆటీను నాలుగు. వాడు ముక్కలు ఎత్తుకుని సర్దుకున్నాడు. ఒకసారి అటునుంచి ఇటు చూశాడు. మళ్ళీ ఇటునుంచి అటు. నేను నా ముక్కలు చూడడం మానేసి వాణ్ణే చూస్తా ఉండా. వాడు మూసి చాప మీద పెట్టాడు.

"డ్రాపు. పాతిక రాసుకోండి సార్" అన్నాడు.

మాస్టారు రాసుకున్నారు. వాడు చెప్పులేసుకుని బజ్జీలు తేవడానికి పోయాడు, ఆరోజు వంతు నాదైనా.