పసుపు తెలుసు, కాగితం లేదు



ఈ వారం కౌలు రైతు కార్డు గురించి రాస్తానని మాటిచ్చాను. పసుపుతో మొదలుపెడుతున్నాను. దారి తప్పాననుకోకండి, చివరికి అక్కడికే వస్తాను.

మా ఎస్. రాయవరం అనగానే చదువుకున్నవాళ్లకు గురజాడ గుర్తొస్తారు. 1862లో ఆయన పుట్టింది ఇక్కడే. మా పేటలో వాళ్లకు ఊరంటే వరి, చెరుకు, ఎవరి పొలంలో ఎన్ని రోజుల పని దొరుకుతుందన్న లెక్క. పసుపు మా దగ్గర పెద్ద పంట కాదు. అది కొండమీది పంట. పాడేరు, చింతపల్లి వైపు ఆదివాసులు తరాలుగా పండిస్తున్నారు. మా అమ్మ నర్సీపట్నం మీదుగా చింతపల్లి వెళ్లి, తెలిసినవాళ్ల దగ్గర విత్తనం దుంప కొనుక్కొచ్చింది. కౌలుకు తీసుకున్న 20 సెంట్లలో వేసింది.

ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల దుంప పడుతుంది. అంటే 20 సెంట్లకే రెండు క్వింటాళ్ల దాకా. ఒక్క ఆకు పైకి రాకముందే మా డబ్బంతా మట్టిలో ఉందన్నమాట.

తొలకరి పడ్డాక ఎత్తుగా మడులు కట్టి, మధ్యలో నీళ్లు పోవడానికి కాలువలు తీసి నాటాలి. మొక్క లేచేదాకా ఎండుటాకులో, గడ్డో పైన కప్పితే తడి ఆరదు, కలుపూ తగ్గుతుంది. రెండుసార్లు మొదళ్లకు మట్టి ఎగదోయాలి. లేకపోతే కొమ్ములు బయటపడి పచ్చబడతాయి.

"దుంపకి తడుండాల నాయినా, నీరు నిలవకూడదు. నిలిచిందా, ఇంక కుళ్లే," అంటుంది అమ్మ. వ్యవసాయ పుస్తకాల్లో దుంప కుళ్లు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. కింది ఆకులు అంచుల నుంచి పసుపురంగుకు తిరుగుతాయి. కాడ పట్టి లాగితే చేతికి ఊడొస్తుంది. దుంప మెత్తబడి వాసనేస్తుంది. అలాంటి మొక్కను తీసేసి, నీళ్లు బయటికి పంపి, చుట్టుపక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోస్తారు. ముందుజాగ్రత్తగా అయితే బాగా మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి వేస్తారు. కుళ్లు వచ్చిన మడి దుంపను మళ్లీ విత్తనానికి వాడరు. ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నాను. అమ్మ కాడ పట్టుకుని చెప్పేస్తుంది.

ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకు ఎండి పడిపోతుంది. అప్పుడు తవ్వకం. తర్వాత ఉడకబెట్టడం. నురగ పొంగి, వాసన మారి, పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. పది, పదిహేను రోజులు ఎండబెట్టాక విరిస్తే టక్కున శబ్దం రావాలి. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే సుమారు ఒక క్వింటా మిగులుతుంది. ఆ కొమ్మే గడపకెక్కుతుంది, పెళ్లికెక్కుతుంది, దేవుడికెక్కుతుంది. తవ్విన చేతికి మాత్రం ఆ గడప దగ్గర హద్దు గుర్తుచేస్తారు. భర్త పోయిన ఆడదాని ముఖానికి అదే పసుపు కూడదంటారు.

మిత్రులారా, ఇప్పుడు ఒక కేసు చెబుతాను. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపుతో గాయం మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. మనందరం గర్వంగా చెప్పుకునే విజయం అది. కానీ సాక్ష్యంగా ఏం పెట్టారు? సంస్కృత గ్రంథం, అచ్చయిన వైద్య వ్యాసాలు. అప్పటి అమెరికా చట్టంలో బయటి దేశాల్లో జనం వాడుకలో ఉందంటే సరిపోదు, అచ్చులో ఉండాలి. కొడవలి తెగిన వేలికి పసుపు అద్దిన మా నాయనమ్మలకు ఆ సంగతి తెలుసు. అయినా వాళ్లకు తెలియడం సాక్ష్యం కాదు. అక్షరం ఎవరి చేతిలో ఉంటే సాక్ష్యం వాళ్లది.

కౌలు కార్డు కథ కూడా ఇదే. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకు కార్డు ఇస్తారు, భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా రాశారు. కానీ దానికి యజమాని సంతకం కావాలి. మాకు భూమి ఇచ్చినాయన పెట్టలేదు. "నోటి మాట చాలదా?" అన్నాడు. కౌలు డబ్బు తీసుకోవడానికి నోటి మాట చాలింది. ఆ ఏడు అక్టోబరు వానలకు నీళ్లు నిలిచి మడుల్లో మూడో వంతు కుళ్లింది. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు పేరు భూమి ఉన్నాయనది. కుళ్లు దుంపలు ఏరి గట్టు మీద పోసింది మా అమ్మ.

మా వైపు మాటలో భూమి ఉన్నాయన్నే 'రైతు' అంటారు. ఆయన మడిలో దిగకపోయినా రైతే. తొమ్మిది నెలలు దిగినా మా అమ్మ కూలే. ఈ ఒక్క మాటలోనే కులమూ భూమీ కలిసి ఉన్నాయి.

2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మంచిదే. ఎగుమతులు, ధరలు, రకాల గురించి మాట్లాడతారు. మనం ఒక్క ప్రశ్న వేయాలి: మీ లెక్కలో పసుపు రైతు ఎవరు? పాసుపుస్తకం ఉన్నవాడా, మడిలో ఉన్నదా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊరికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. ఏ పొలం ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట, ఎంత కౌలు, కార్డు ఉందా లేదా, ఇవి రాయండి. ఆడవాళ్ల పేరు వాళ్ల పేరుగానే రాయండి, భర్త పేరు కింద కాదు. చదివి వినిపించి, వాళ్లు ఒప్పుకుంటే గ్రామసభలో పెట్టండి. కాగితమే సాక్ష్యమని వాళ్లంటే, కాగితం రాయడం మనకూ వచ్చు.

వచ్చే వారం ఆ నోటుబుక్కులో ఏ గడులు ఉండాలో రాస్తాను. జై భీమ్.