ఛాయాపటములోని పులి

కంటితో చూచినది కల్లగాదని మన పెద్దలు తఱచుగా ననుచుండెడివారు. కంటికంటెను నమ్మదగినది ఛాయాపటమని నేటివా రనుచున్నారు. కన్ను భయపడవచ్చును, మనస్సు భ్రమపడవచ్చును. యంత్రమునకు భయమేది, భ్రమయేది అని వారి వాదము. ఈ వాదము సగము సత్యము. యంత్రమునకు భయము లేదు, నిజమే. కాని యంత్రమునకు కొలతయు లేదు. తన యెదుట నున్నది జానెడెత్తు జంతువో గజమెత్తు జంతువో అది చెప్పజాలదు. ఆ వస్తువు తన దృష్టిలో నెంతమేర నాక్రమించినదో, దానికి తెలిసిన దదియొక్కటే. మిగిలినదంతయు చూచువాడు తననుండి చేర్చుకొనునదే. అతడు వెఱచియున్నచో పులిని చేర్చుకొనును. వెక్కిరింప దలచియున్నచో పిల్లిని చేర్చుకొనును. ఈ యిరువురిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ విషయమున మనకు మంచి పాఠము చెప్పగల దేశము బ్రిటను. ఆ దీవి యడవులలో చిఱుత లేదు, సింహము లేదు, పెద్దపులి లేదు. స్కాట్లాండు కొండలలో మిగిలియున్న యడవిపిల్లి యొక్కటియే యచటి సొంత మార్జాలజాతి. అది యింటిపిల్లికంటె కొంచెము బలిసినది మాత్రమే. ఐనను 1960వ దశాబ్దమునుండి నేటివఱకు "నల్లచిఱుతను చూచితిమి", "ప్యూమాను చూచితిమి" అనువారు ఆ దేశపు పల్లెలలో బయలుదేరుచునే యున్నారు. వీరందఱును బొంకులాడువారని త్రోసివేయుటకు వీలులేదు. ఆ దేశమున కొందఱు చిఱుతలను, ప్యూమాలను ముద్దునకై పెంచుకొనుచుండిరి. 1976లో అపాయకరములైన వన్యమృగముల చట్టము వచ్చి, అనుమతిపత్రము లేనిదే యట్టివానిని పెంపరాదని శాసించెను. అప్పుడు కొందఱు తమ మృగములను గుట్టుగా నడవిలో విడిచిరని చెప్పుకొందురు. 1980లో స్కాట్లాండులోని కానిచ్ అను పల్లెకడ నొక రైతు పెట్టిన బోనులో నిజముగనే ప్యూమా పడెను. 2001లో లండను నగరములోనే యొక లింక్సు పట్టుబడెను. కావున "లేనే లేదు" అనుట తొందరపాటు. "పటము తీసితిమి గనుక ఉన్నది" అనుట మఱింత తొందరపాటు.

ఈ రెండవ తొందరపాటునకు మందు చిన్న లెక్కలో నున్నది. చిఱుతపులి భుజమువద్ద నించుమించు రెండడుగుల, అనగా 24 అంగుళముల, యెత్తుండును. సామాన్యమైన యింటిపిల్లి 10 అంగుళములు. పిల్లి 50 అడుగుల దూరమున నిలిచినను, చిఱుత 120 అడుగుల దూరమున నిలిచినను, ఒకే కటకముతో తీసిన పటములలో రెండును సరిగా నొకే యెత్తున పడును. చుట్టును పచ్చికబయలు దప్ప వేఱొకటి లేనిచో, ఆ యెత్తునుబట్టి యిది పిల్లియో పులియో తేల్చుట బ్రహ్మతరమును గాదు. జంతువు దూరమున నున్నదని నమ్మినవానికి అది పెద్దది; దగ్గఱ నున్నదని నమ్మినవానికి అది చిన్నది. పటములో లేని దూరమును మనస్సులో నుంచుకొని, పటమే పరిమాణమును చెప్పినదని మనము భ్రమపడుచున్నాము.

ఈ మాట పుస్తకమున చదువుట వేఱు, ఇంట చేసి చూచుట వేఱు. మా పెరటిలో గిలాబు చేయని పాత యిటుకగోడ యొకటి కలదు. సున్నముతో గలిపి యిటుకవరుస మూడున్నర యంగుళములు. మా యింట నల్లని గండుపిల్లి యొకటి తిరుగుచుండును. పాలగిన్నె యెదుట బెట్టి, దర్జీ టేపుతో కొలువగా, అది భుజమువద్ద సరిగా 10 అంగుళము లున్నది. మొదట దానిని గోడ మొదటనే నిలిపి, మా మనుమరాలిచేత తన చేతిఫోనుతో పటము తీయించితిమి. పిల్లి మూడు వరుసలకు కొంచెము తక్కువగా వచ్చెను, లెక్క సరిపోయెను. తరువాత మనుమరాలిని గోడకు 45 అడుగుల దూరమున నేలకు వంగి కూర్చుండుమని, పాలగిన్నెను ఆమెకు 15 అడుగుల దూరమునకు తెచ్చితిమి. పిల్లి యదే, గోడ యదే. కాని యీ రెండవ పటములో పిల్లి యెనిమిదిన్నర వరుసల గోడను కప్పివేసెను. ఇటుకలను నమ్మి లెక్కించినచో అది 30 అంగుళముల జంతువు; సామాన్యమైన చిఱుతను మించినది!

ఈ రెండవ పటమును సాయంకాలము వచ్చిన మిత్రులకు చూపితిమి. అందొకరు ఉపాధ్యాయవృత్తి చేసి విశ్రాంతి దీసికొన్నవారు, వారు శ్రద్ధతో ఇటుకలు లెక్కించి, "సందేహము లేదండీ, ఇది నల్లచిఱుతయే. వెంటనే అటవీశాఖవారికి తెలియజేయుడు" అనిరి. మా యింటి యిల్లాలు కాఫీ తెచ్చుచు పటమువంక నొకసారి చూచి, "ఇటుకలు తరువాత లెక్కపెట్టవచ్చును గాని, దాని కాళ్ళెక్కడ నున్నవో చూచితిరా అన్నయ్యగారూ? గోడ మొదట లేవు. బంతిమొక్కల కీవల నున్నవి" అనెను. మిత్రులు కన్నద్దములు సవరించుకొని మరల చూచి, నవ్వి, ఒప్పుకొనిరి. ఆమె దృశ్యశాస్త్రము చదువలేదు. ఐనను ఆ శాస్త్రములోని ప్రధానసూత్ర మదియే: కొలబద్ద జంతువు నిలిచిన చోటనే యుండవలెను. జంతువు వెనుక నున్న గోడయు, ప్రక్కగా దూరమున నున్న చెట్టును కొలబద్దలు గావు. కొలబద్దవలె వేషము వేసికొన్న సాక్షులు అవి.

పాదములు కనబడినచో మఱియొక యుపాయమును గలదు. నేల చదునుగా నుండి, పటములో దిగంతరేఖ కనబడుచున్నచో, ఆ రేఖ పటము తీసినవాని కంటియెత్తున నున్నట్లే. అతడు ఫోనును నేలకు 60 అంగుళముల యెత్తున పట్టుకొన్నాడనుకొందము. చదునైన నేలమీద నెంత దూరమున నిలిచిన వస్తువునైనను ఆ రేఖ 60 అంగుళముల యెత్తుననే ఖండించును. కావున జంతువు పాదములనుండి దిగంతరేఖవఱకు గల మేరను పటముమీదనే కొలువుడు. అందు భుజము ఆఱవవంతు వఱకే వచ్చినచో ఆ జంతువు 10 అంగుళములది, అనగా పిల్లి. అయిదింట రెండువంతులు వచ్చినచో 24 అంగుళములది. అప్పుడు మన మాలోచింపవలసినదే. నేల యెగుడుదిగుడైనచో, పాదములు గడ్డిలో మునిగినచో నీ యుపాయము పనికిరాదు. వచ్చిన చిక్కేమన, ఇట్టి పటములలో పాదములు తఱచుగా గడ్డిలోనే యుండును. గడ్డి జానెడైనను మోకాలెత్తైనను పటములో గడ్డియే గదా!

కొలత కుదరనిచోట ఆకారము కొంత సాయపడును. పెద్దమృగము చిన్నమృగమునకు పెంచిన ప్రతిరూపము గాదు. జంతువు పెరిగినకొలది దాని యెముకలు పొడవునకు మించిన లావు గావలెనని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథమున వివరించెను. కావున చిఱుతకు మెడ లావు, ముంజేయి లావు; చెవులు తలనుబట్టి చూడగా చిన్నవి, గుండ్రనివి, ఎడముగా నున్నవి. పిల్లికి చెవులు తలకు తగినదానికంటె పెద్దవి, మొన దేలినవి. వెలుగులో పిల్లి కనుపాప నిలువు గీతయగును. చిఱుత కనుపాప గుండ్రముగనే చిన్నదగును. నల్లచిఱుత యనునది వేఱు జాతి గాదు, నల్లనైన చిఱుతయే. మంచి వెలుతురున దాని నలుపులో మచ్చలు తోచును. ప్యూమాలలో నల్లనిది యున్నట్లు నేటివఱకు రుజువు లేదు. కావున "నల్ల ప్యూమా" అన్నవాడు ఏదో చూచియుండవచ్చును గాని, ప్యూమాను మాత్రము చూచియుండడు.

ఈ పద్ధతులను ఒక ప్రభుత్వమే పూనుకొని నడిపిన సందర్భము గలదు. కార్న్‌వాల్ మండలములోని బాడ్మిన్ మూర్ అను బయలుప్రదేశమున గొఱ్ఱెలు చచ్చుచున్నవని, నల్లని మృగము తిరుగుచున్నదని రైతులు మొఱపెట్టుకొనగా, వ్యవసాయశాఖవారు 1995లో విచారణ జరిపిరి. వారు పటములను బల్లమీద బెట్టుకొని తర్కింపలేదు. పటము తీసిన చోటులకే పోయి, జంతువు నిలిచిన తావున కొలతకఱ్ఱ నిలిపి, పోల్చి చూచిరి. అంతవఱకు భయంకరముగా దోచిన మృగములు ఆ కఱ్ఱ ప్రక్కన పిల్లి పరిమాణమునకు దిగిపోయెను. పెద్దమృగ మున్నదనుటకు నిర్ధారింపదగిన సాక్ష్యము దొరకలేదని వారు వ్రాసిరి. అంతతో నూరకుండక, లేదని రుజువు చేయుటయు సాధ్యముగాదని స్పష్టముగా చేర్చిరి. ఈ రెండవ వాక్యమునకు మేము నమస్కరించుచున్నాము. తెలిసినంతవఱకే చెప్పి యాగుట యధికారులలో నరుదైన గుణము.

కొలది దినములలోనే ఆ ప్రాంతపు ఫోయ్ నదిలో నొక చిఱుత పుఱ్ఱె దొరకెను. ప్రభుత్వమును పరిహసించుటకు లోకము సిద్ధమయ్యెను. పుఱ్ఱెను లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు పంపిరి. అది నిజమైన చిఱుతదే. కాని వెనుకభాగము, చర్మమునకు తలను బిగించి తివాచీ చేయువారు కోయువిధమున, కోయబడియుండెను. మాంసమును కత్తితో గీకిన గాట్లుండెను. లోపల ఉష్ణదేశముల బొద్దింక పెట్టిన గ్రుడ్లతిత్తి యుండెను. ఆ చిఱుత యింగ్లాండులో చచ్చినది గాదు. ఎవరి యింటనో పరుపబడిన తివాచీగా ఓడమీద వచ్చినది. పటమునకు కొలతకఱ్ఱ యెట్టిదో, పుఱ్ఱెకు బొద్దింక గ్రుడ్లట్టివి. వస్తువు నిజమైనంతమాత్రమున దానినిగూర్చిన కథ నిజము గాదు.

2012 ఆగస్టులో ఎసెక్సు మండలమున సింహము కనబడినదని పటముతోగూడ వదంతి పుట్టెను. పోలీసులు, హెలికాప్టర్లు, జంతుప్రదర్శనశాల నిపుణులు వెదకి వెదకి, మఱునాడు వెదకుట మానిరి. అది బొచ్చు దట్టముగా గల పెద్ద యింటిపిల్లియై యుండునని పలువురి నిశ్చయము. దేశమంతయు నవ్వెను. మేము మాత్రము నవ్వజాలకున్నాము. చూచినవా రబద్ధమాడలేదు. దూరమును తప్పుగా నూహించిన కన్ను పరిమాణమును తప్పుగా చెప్పుట కంటిదోషము గాదు, కంటి స్వభావము. వారిని వెక్కిరించినచో కలుగు ఫలమేమి? రేపు నిజముగా మృగమును చూచినవాడు నోరు మూసికొనును.

ఈ నోరు మూసికొనుట బ్రిటనులో వట్టి చిన్నతనము కావచ్చును. మనదేశమున నది ప్రాణాంతకము. మనకు చిఱుత కల్పితమృగము గాదు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆఱేండ్ల పసిబిడ్డ చిఱుతవాత బడెను. అట్టి దేశమున చెఱకుతోటలో, క్వారీగుట్టమీద తీసిన మసక పటము చేతిఫోనులలో ఊరూర ప్రాకినప్పుడు రెండు విధముల కీడు గలుగుచున్నది. అది అడవిపిల్లియైనచో, దానిని కఱ్ఱలతో గొట్టి చంపువారు బయలుదేరుదురు. 14, 15 అంగుళముల యెత్తు, పొట్టితోక, మచ్చలు లేని దేహము, చెవికొనలను చిఱువెండ్రుకలు గల ఆ జంతువు ఎలుకలను దిని రైతునకు మేలు చేయునదే గాని మనుష్యుల జోలికి వచ్చునది గాదు. నిజముగా చిఱుతయైనచో, పదిమార్లు పిల్లిని చూచి విసిగినవారు పదునొకండవమారు "ఇదియు పిల్లియే" అని బిడ్డలను చీకటిలో బయటికి పంపుదురు. నమ్మకమువలననే కాదు, అపనమ్మకమువలనను మనుష్యులు చత్తురు.

కావున మా చదువరులకు, ముఖ్యముగా నింట బిడ్డలు గలవారికి, మేము చేయు విన్నప మిది. ఇట్టి పటము మీ చేతికి వచ్చినప్పుడు వెంటనే పదిమందికి పంపకుడు, వెంటనే నవ్వకుడు. ఎవరు తీసిరి, ఎచట నిలిచి తీసిరి, అంచులు కత్తిరింపని పూర్తిపటము గలదా అని యడుగుడు. పాదము లెక్కడ నున్నవో చూడుడు. తేలువఱకు బిడ్డలను పశువులను చీకటిపడకమున్నే యింట చేర్చుడు. దానికి నష్టమేమియు లేదు. తెల్లవాఱిన పిదప, ఒంటరిగా గాక అటవీశాఖవారితో గూడ, ఆ చోటికి పోయి, జంతువు నిలిచిన తావున కొలతకఱ్ఱ నిలుపుడు. మూడడుగుల వెదురుకఱ్ఱకు సుద్దతో గీతలు గీచినను చాలును. ఆ కఱ్ఱ చెప్పినది పిల్లియైనచో పిల్లిని బ్రతుకనిండు. పులియైనచో ఊరివారికి వేళకు తెలుపుడు.