మదురైలో నడక: గుంపుతోనా, మనవరకేనా?

మదురైకి రెండు రోజులు పోయి రావాలనుకునే మన బంధువులు ఈ మధ్య మమ్మల్ని తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. గుడి చుట్టూ వీధులూ మహలూ నడిపించి చూపించేవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ గుంపులో చేరిపోవడమా, లేక మన ఇంటివాళ్ళకి మాత్రం ఒక గైడును పెట్టుకోవడమా అని. పోయిన డిసెంబరు సెలవుల్లో మేము రెండు రోజుల్లో రెండు రకాలూ నడిచి చూసినాం. అందుకని ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకన్నా ఇక్కడ రాసి పెడితే మేలనిపించింది.

మేము ఏడుగురం. అవ్వ, నాయన, అమ్మ, మేమిద్దరం, మా పిల్లలిద్దరు. అవ్వకి ఎనభై దాటింది, మోకాళ్ళు నొప్పి. ఇంట్లో మొదలునుంచి చివరిదాకా తెలుగులోనే ఒక కథ చెప్పగలిగేది ఇప్పుడు ఆమె ఒక్కతే. నాయన మాట మొదలుపెట్టేది తెలుగులో, ముగించేది తమిళంలో. మా చదువు కొళ్ళేగాలలో, కన్నడ మీడియంలో. (1956లో రాష్ట్రాలు విడదీసే దాకా కొళ్ళేగాలం కూడా మన కోయంబత్తూరు జిల్లాలోదే. అందుకే మన వాళ్ళ ఇళ్ళు అక్కడా ఉన్నాయి.) తెలుగు అక్షరాలు మాకు వచ్చింది కన్నడ అక్షరాల మీదుగానే. పిల్లలు బెంగుళూరులో పుట్టినవాళ్ళు. వాళ్ళకి కన్నడం, ఇంగ్లీషు. అవ్వ అడిగితే అర్థం చేసుకుంటారు, జవాబు మాత్రం వేరే భాషలో వస్తుంది. గైడు ఏ భాషలో చెప్తాడు అన్నది మాకు రేటు కన్నా పెద్ద ప్రశ్న అయింది ఇందుకే.

రేటు సంగతి ముందే తేల్చేస్తాం. గుంపు నడకకి తలకి ఇంత అని తీసుకుంటారు. ప్రత్యేకంగా పెట్టుకుంటే గైడుకి ఇంత అని, ఒకరు పోయినా ఎనిమిది మంది పోయినా దాదాపు అదే. మాటవరసకి తలకి ఐదు వందలనుకోండి, ఏడుగురికి మూడున్నర వేలు. ఆ డబ్బుకి ఒక పూట గైడే దొరకవచ్చు. ఇద్దరే పోతే గుంపు చవక. మన ఇళ్ళలో ఇద్దరే ఎక్కడికైనా పోయేది ఎప్పుడు?

పొల్లాచ్చి నుంచి పాలక్కాడు–తిరుచెందూరు రైలు ఎక్కితే పళని, దిండుక్కల్లు మీదుగా మదురైలో దింపుతుంది. మరుసటి రోజు పొద్దున ఆరున్నరకి మేమిద్దరమూ నాయనా గుంపు నడకకి పోయినాం. అవ్వా అమ్మా పిల్లలూ లాడ్జిలో నిద్రపోతున్నారు. పన్నెండు మందిమి, గైడు చెప్పింది ఇంగ్లీషులో. మొదలు గుడికి తూర్పున ఉండే విట్టవాసల్ దగ్గర. అది పాండ్యుల కాలపు కోట వాకిలి. కోట పోయింది, వాకిలి మిగిలింది, దాని కిందనే ఇప్పుడు స్కూటర్లు పోతా ఉంటాయి. అక్కడి నుంచి రాయగోపురం. తిరుమల నాయకుడు మొదలుపెట్టి ముగించలేకపోయిన గోపురం అది, అడుగు భాగమే ఉంది. దాని రాతి పని చూస్తే, పూర్తయి ఉంటే ఎంత ఎత్తు పోయేదో అని మెడ తానుగా పైకి లేస్తుంది. పుదు మండపంలో ఎన్నో తరాలుగా కుట్టుమిషన్లు పెట్టుకుని కూర్చున్న దర్జీలనీ, పాత్రల అంగళ్ళనీ ఈ మధ్యనే కున్నత్తూరు సత్రానికి మార్చినారు. ఆ మండపం కంబాల మీద నాయక రాజుల బొమ్మలు వరసగా ఉన్నాయి.

వీధుల కథ గుంపు గైడు చాలా బాగా చెప్పినాడు, ఆ మాట ఒప్పుకోవాలి. గుడి చుట్టూ చదరంగా ఒకదాని బయట ఒకటి చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు. అన్నిటికీ బయట వెళి వీధి. 1840ల్లో కలెక్టరు బ్లాక్‌బర్న్ నాయకుల కోటగోడని కొట్టించి కందకం పూడ్పించినాడు. గోడ కొట్టి కందకం పూడ్చినవాళ్ళకే ఆ జాగా ఇస్తామన్నాడట. ఆ పని చూసిన ఇద్దరి పేర్లు మారెట్ వీధి, పెరుమాళ్ మేస్త్రి వీధి అని ఈ రోజుకీ నిలిచినాయి. నాయన ఇరవైసార్లు మదురై వచ్చి పెరుమాళ్ మేస్త్రి వీధిలో దిగినవాడే. ఆ మేస్త్రి ఎవరో ఆ పొద్దున తెలిసింది.

గుంపులో ఇంకో లాభం ఉంది. మనకి తట్టని ప్రశ్న పక్కవాళ్ళు అడుగుతారు. మాతో నడిచినవాళ్ళలో ఒక సౌరాష్ట్ర ఇంటి ఆమె ఉండింది. మహలు చుట్టుపక్కల నేత పని వాళ్ళ వీధులు చాలా ఉన్నాయి కదా, ఆ వంశం. గుజరాతు వైపు నుంచి బయలుదేరి విజయనగరం మీదుగా మదురై చేరినవాళ్ళు. వాళ్ళ భాషని ఒకప్పుడు తెలుగు లిపిలో కూడా రాసేవాళ్ళని ఆమె మాకు చెప్పింది. మేము తెలుగుని కన్నడ లిపి మీదుగా నేర్చుకున్నాం అంటే నవ్వింది. ఇది గైడు కొన్న మాట కాదు, గుంపు ఇచ్చిన మాట.

కానీ రెండున్నర గంటల్లో నాయకులకి దొరికింది పది నిమిషాలు. "తెలుగు రాజులు" అని ఒకసారి అన్నాడు, ముందుకు నడిచినాడు. నాయన ఇంకొంచెం అడగబోయినాడు, వెనక ఇద్దరు గడియారం చూసుకున్నారు. గుంపులో ఎవరి కాలమూ వాళ్ళది కాదు.

మేము పని చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగులో. అక్కడ ఒక అలవాటు: అంతా బాగున్న చోట కాదు, హద్దు దగ్గర పెట్టి చూడాలి. ఇంటి నడకకి హద్దు అవ్వ మోకాళ్ళు. ఆమెని ఆ గుంపులో పెట్టి ఊహించుకున్నాం. నూరు అడుగులకి ఒకసారి నిలబడాలి, గుంపు నిలబడదు. పైగా 2018 ఫిబ్రవరిలో గుడిలో మంటలు అంటుకున్న తర్వాత లోపలికి సెల్‌ఫోన్లు విడవరు. ఫోను లేకుండా ఆ జనంలో గుంపు నుంచి వెనకపడితే వెదుక్కోవడం ఎలా? ఇంకొకటి, విదేశీయులు కలిసిన గుంపైతే గైడు అందరూ పోగలిగే చోటికే తీసుకుపోతాడు. అమ్మవారి సన్నిధి దాకా రాడు.

అందుకని రెండో రోజు మహలుకి, గుడికి మా వరకే ఒక గైడును పెట్టుకున్నాం. ఆంధ్రా నుంచి యాత్రికులు బాగా వస్తారు కాబట్టి మదురైలో తెలుగు చెప్పే గైడులు ఉన్నారు. అవ్వ కోసమని అడిగి మరీ తెలుగు ఆయన్నే మాట్లాడుకున్నాం. గుడి నుంచి మహలు ఒకటిన్నర కిలోమీటరు లోపే, అయినా ఆటో పెట్టినాం. 1636లో కట్టిన మహలు అది. ఇప్పుడు మనం చూసేది అప్పటిదానిలో నాలుగో వంతు కూడా ఉంటుందో లేదో. తిరుమల నాయకుని మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు చాలా భాగం పోయింది. మిగిలినదాన్ని 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ దొర బాగు చేయించినాడు. కాస్త దూరాన ఒక సందులో పది కంబాలు ఇళ్ళ మధ్య వట్టిగా నిలబడి ఉన్నాయి, అవీ ఈ మహలువే.

గైడు తెలుగు చక్కటి తెలుగు. "ఈ స్తంభాలను గమనించండి, సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి నునుపు చేశారు" అన్నాడు. అవ్వ ఐదు నిమిషాలు విన్నది. తర్వాత మా వైపు తిరిగి, "ఈయన రేడియోలో మాదిరి చెప్తా ఉండాడు, తమిళంలో చెప్పమను" అనింది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. తమిళంలోకి మారినాడు, కథ కూడా ఇంకా విప్పి చెప్పినాడు. గుంపులో ఈ మాట అడిగే వీలు ఎవరికి ఉంటుంది?

చిన్నవాడు స్తంభం అంటే ఏమిటి అని ఇంగ్లీషులో అడిగినాడు. మేము చెప్పేలోగా అవ్వ, "కంబంరా" అనింది. కన్నడంలో కూడా కంబ అనే అంటారు కదా. వాడు పోయి దాన్ని కౌగిలించుకుని, సగం కూడా చేతులకి అందలేదని అవ్వకే చెప్పినాడు. అంతే, అవ్వ మెట్టు మీద కూర్చుంది. గైడు చెప్పినదంతా మన ఇంటి తెలుగులో పిల్లలకి మళ్ళీ మొదలుపెట్టింది. డెబ్బై రెండు పాళెములు, మన పక్కనుండే ఊత్తుక్కుళి, సమత్తూరు పాళెగాళ్ళు, విజయనగరం సేనల వెంట మనం వచ్చినామని వాళ్ళ అవ్వ చెప్పిన మాట. ఆ చివరిదానికి మన దగ్గర కాగితం లేదు, చెప్పుకోవడమే ఉంది. నలభై నిమిషాలు పట్టింది. గైడు పక్కనే కూర్చుని విన్నాడు, అవ్వ మాటలు రెండు మూడు మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు. మేము ఫోనులో రికార్డు చేసినాం. మహలులో ఫోనుకి అడ్డు లేదు.

మహలులో సాయంకాలం వేసే ధ్వని–వెలుగు ప్రదర్శన ఇంగ్లీషులో ఒకటి, తమిళంలో ఒకటి. ఈ ఊరిని ఏలి, తెలుగులో కావ్యాలు రాయించిన వాళ్ళ ఇంట్లో తెలుగు వినాలంటే మనం వెంట తీసుకుపోవాల్సిందే.

కాబట్టి పోయేవాళ్ళకి మా మాట: వీధుల కోసం, పొద్దున్నే, కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు గుంపుతో పోండి. మహలుకీ గుడికీ పెద్దవాళ్ళతో పోతే మీ వరకే గైడును పెట్టుకోండి. మాట్లాడుకునేటప్పుడే రెండు సంగతులు అడగండి: మధ్యలో కూర్చుంటే ఒప్పుకుంటారా, భాష మారిస్తే మారుస్తారా అని. ప్రభుత్వ గుర్తింపు కార్డు చూడండి. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, దాన్ని ముందే పెట్టుకోండి.

వండియూరు తెప్పకుళం ఈసారి చూడలేదు. మహలుకి ఇటుకల మన్ను తవ్విన చోటే ఆ కొలను అయిందంటారు. తై పూసానికి అక్కడ తెప్పం నడుస్తుంది. ఆ రోజు తిరుమల నాయకుడు పుట్టిన రోజని గైడు చెప్పినప్పటి నుంచీ అవ్వ ఆ తేదీ అడుగుతానే ఉంది. రైలు టికెట్లు చూస్తున్నాం. మడత కుర్చీ ఒకటి కొన్నాం.