మామ్మ దాటిన గీత

మా మామ్మ రంగంలో పుట్టింది. రంగూన్‌ని మా శ్రీకాకుళం పేటల్లో రంగం అనే అంటారు. మావోళ్లు అక్కడికి ఎల్లింది సుఖపడ్డానికి కాదు. ఇక్కడ కామందు దగ్గర పాలేరుతనం, అక్కడ మేస్త్రీ దగ్గర కూలితనం. మేస్త్రీ ముందు బయానా ఇచ్చి ఓడెక్కించేవాడు, ఆ అప్పు తీరేదాకా మనిషి వాడి చేతిలోనే. రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, ఆ మహానగరం పాయఖానాలు ఎత్తింది తెలుగోళ్లే. పాయఖానాలెత్తిన తెలుగోళ్లు ఏ కులాలవాళ్లో నేను చెప్పాలా? 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పెట్టాయి. సమ్మె తేలాక వాళ్లను పొమ్మన్నాయి. కడుపు మండినోళ్లకీ కడుపు మండినోళ్లకీ కొట్లాట. వందమందికి పైగా చచ్చిపోయారు. కంపెనీవాడికి చీమ కుట్టలేదు.

మామ్మ పుట్టినప్పుడు బర్మా ఇండియాలోదే. 1937 ఏప్రిల్ 1న తెల్లోడు దాన్ని విడగొట్టాడు. అప్పటికి మామ్మకి అయిదేళ్లు. కదలకుండా ఉన్నచోటే ఉన్న పిల్ల ఒక్క పూటలో పరాయి దేశంలో పడిపోయింది. దేశం గీత ఎలా పుడుతుందో పిల్లలకి చెప్పాలంటే నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నేను చెప్పేది సోషల్ పాఠం.

1941 డిసెంబరు 23న జపానోడు రంగూన్ మీద బాంబులేశాడు. డబ్బున్నోళ్లు ఓడెక్కారు. మిగతావాళ్లు నడిచారు. నాలుగైదు లక్షలమంది నడిచారని లెక్క. మా ముత్తాత కుటుంబం తాము అనే ఊరి మీదుగా కొండలెక్కి పాలేల్, ఇంఫాల్, అక్కణ్ణుంచి దిమాపూర్ చేరి రైలెక్కింది. దారిలో కలరా. మామ్మ తల్లి అక్కడే ఏదో వాగు పక్కన పోయింది. "పూడ్సడానికి గొయ్యి తియ్యలేదమ్మా, ఆకులు కప్పీసి వొచ్చీసినాం" అని మామ్మ చెప్పేది. తెల్లోళ్లకి ఒక దారి, నల్లోళ్లకి ఒక దారి పెట్టారని ఆ రోజుల్లోనే నాయకులు గోలపెట్టారు. మామ్మకి ఆ రాజకీయం తెలీదు. ఆమెకి గుర్తున్నది జలగలు, ఉప్పులేని గంజి, ఎవరో కొండజాతి ఆడమనిషి పెట్టిన ఉడకేసిన దుంపలు. ఎక్కడ బర్మా అయిపోయిందో ఎక్కడ ఇండియా మొదలైందో ఆమెకి తెలియదు. అడిగితే "దుంపలెట్టిన కాడ" అనేది.

ఇప్పుడు ఆ గీతకి మా తమ్ముడు కాపలా.

వాడు ఇంటర్ చదివి, కానిస్టేబుల్ పరీక్ష రాసి, అస్సాం రైఫిల్స్‌లో చేరాడు. మొదట నాగాలాండ్ మోన్ జిల్లాలో, తర్వాత మణిపూర్‌లో. మయన్మార్‌తో మనకున్న సరిహద్దు 1,643 కిలోమీటర్లు. అరుణాచల్‌లో 520, నాగాలాండ్‌లో 215, మణిపూర్‌లో 398, మిజోరంలో 510. అస్సాం రైఫిల్స్‌కి 46 బెటాలియన్లున్నా అన్నీ సరిహద్దు మీద లేవు, చాలా భాగం లోపలి తిరుగుబాట్లు అణచడానికే. జీతం, పాలన హోంశాఖది, ఆజ్ఞ సైన్యానిది. ఇద్దరు కామందుల కింద ఒక పాలేరు అన్నమాట. క్యాంపులు కూడా గీత మీద ఉండవు, చాలావరకు లోపలికి ఉంటాయి. 1967 ఒప్పందం తర్వాత పాతిన పిల్లర్లున్నాయి. ఒక పిల్లర్ చూసి రావడానికి తమ్ముడివాళ్లు వానాకాలంలో మూడు రోజులు నడిచారట. లోంగ్వా అనే ఊళ్లో పెద్ద ఆంగ్ ఇంటి మధ్యలోంచే గీత పోతుంది. పొయ్యి ఒక దేశంలో, పడక ఒక దేశంలో.

సెలవులో వచ్చినప్పుడు వాడు చెప్పాడు. పైనుంచి ఒకసారి కాగితం వచ్చిందట, ఈ ప్రాంతంలో రక్షణ అవసరాలు ఏమిటో అంచనా వేసి పంపమని. ఎన్ని కాలిబాటలు, ఏ వాగు ఏ నెలలో ఎండుతుంది, ఎంతమంది జవాన్లు కావాలి, ఎన్ని కిలోమీటర్ల కంచె, ఎంత రోడ్డు. బాటలు లెక్కపెట్టింది తమ్ముడిలాంటివాళ్లు. సంతకం పెట్టింది పెద్దలు.

"ఆ బాటలు మీకెవుడు సూపించాడ్రా?" అన్నాను.

"ఊరోళ్లేనప్పా. మాకు తెల్సిందేటి?"

"ఆల్లకేటి కావాలో ఆ కాయితంలో రాసినారా?"

"ఆ గడి నేదు."

2024 ఫిబ్రవరిలో కేంద్రం మొత్తం 1,643 కిలోమీటర్లకీ కంచె వేస్తామంది. దానికి సుమారు 31 వేల కోట్లవుతుందని పేపర్లలో వచ్చింది. అంతకుముందు గీతకి అటూ ఇటూ 16 కిలోమీటర్లలోపు ఉన్న జనం స్వేచ్ఛగా వచ్చిపోయే పద్ధతి ఉండేది. దాన్ని తీసేస్తామన్నారు. ఆ ఏడాది చివరికి 10 కిలోమీటర్లకి కుదించి పాసు పెట్టారు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ జనం వేలకి వేలు మిజోరంలోకి వచ్చారు. ఆపమని కేంద్రం, మా రక్తసంబంధీకులని మిజోరం. అన్నం పెట్టింది ఊళ్లే.

నేను కంచె వద్దంటే తమ్ముడికి కోపం. "నువ్వు సాక్‌పీసుతో గీత గీసి సెరిపీగలవు. మాం అక్కడ నిలబడాలప్పా. పౌడరు వొస్తంది, తుపాకులొస్తన్నాయి" అన్నాడు. వాడి మాట కొట్టిపారేసేది కాదు. 2021 నవంబరు 13న చురాచాంద్‌పూర్ జిల్లాలో అస్సాం రైఫిల్స్ కల్నల్‌ని, భార్యనీ పసికొడుకునీ, నలుగురు జవాన్లనీ మాటుగాసి చంపారు. ఆ రోజు వాడి ఫోను కలిసేదాకా మా అమ్మ మంచినీళ్లు ముట్టలేదు. ఈ దేశంలో గీతల దగ్గర నిలబడేది ఎవరి బిడ్డలో పేటలో ఇల్లిల్లూ తిరిగితే తెలుస్తుంది. నౌకరీ తప్ప భూమి లేనోళ్ల బిడ్డలు.

కానీ సరిగ్గా మూడు వారాలకి, డిసెంబరు 4న, మోన్ జిల్లా ఓటింగ్‌లో బొగ్గుగని పని చేసి బండిలో ఇంటికి పోతున్న ఆరుగురు కూలీలను తీవ్రవాదులనుకుని సైన్యం కాల్చేసింది. జనం తిరగబడ్డారు, మళ్లీ కాల్పులు. మొత్తం 14 మంది పౌరులు. కేసు పెట్టారు. సైనికులని విచారించడానికి కేంద్రం అనుమతి ఇవ్వలేదు, 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు నడక ముగించింది. ఇదీ రక్షణే. శనివారం సాయంత్రం కూలి పుచ్చుకుని ఇంటికెళ్లే మనిషికి ఎవడినుంచి రక్షణ కావాలో ఏ అంచనాలో రాశారు?

నేను కోపంగా అడగడానికి కారణం ఉంది. ఆ అంచనాలు మా దగ్గర ఎలా వేస్తారో నాకు తెలుసు. మా పేటకీ ఊరికీ మధ్య రెండు మళ్లు ఉన్నాయి. కంచె లేదు, పిల్లర్ లేదు, పాసు లేదు. అయినా మా మామ్మ చనిపోయేదాకా చెప్పులు చేత్తో పట్టుకునే ఆ మళ్లు దాటింది. కలరాని, జలగల్ని, జపానోడి బాంబుల్ని దాటొచ్చిన మనిషి! 2012 జూన్ 12న లక్షింపేటలో మద్దువలస రిజర్వాయరు భూముల దగ్గర అయిదుగురు మాలల్ని చంపారు. తగాదా రాత్రికి రాత్రి పుట్టింది కాదు. మావోళ్ల రక్షణ అవసరం ఎంతో శవాలు లేచాకే లెక్క తేలింది.

తమ్ముడితో ఆ మాటే అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే మోరే ఊరి సంగతి ఎత్తాడు. బర్మానుంచి గెంటేస్తే వచ్చిన తమిళులు, తిరిగి అక్కడికే పోదామని 1960లలో నడిచి, గీత దాటనివ్వకపోతే మోరేలోనే నిలబడిపోయారు. గుడి కట్టుకున్నారు, ఇడ్లీ అమ్ముకున్నారు. అవతల కనిపించే ఊరే తాము. మామ్మ నడిచి వచ్చిన తాము. అక్కడ డ్యూటీలో ఉన్నప్పుడు ఓ ముసలామె రోజూ కూరగాయల గంపతో వచ్చేదట. చూపించమంటే గుర్తింపుకార్డుకి బదులు గంప దించి చూపించేదట. 

"ఏటి సేసీవోడివి?"

"ఏటి సేస్తాను? సీకటి పడకముందు ఎల్లిపోమనీవోణ్ణి."

"మీ మామ్మ కూడా ఈ దారినే వొచ్చిందని మీవోళ్లకి ఎప్పుడైనా సెప్పినావా?"

చెప్పలేదన్నాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు కులం అడిగారట, ఊరు అడిగారట, తండ్రి పేరు అడిగారట. మామ్మ ఎక్కడ పుట్టిందో ఎవరూ అడగలేదట.