ఇంతకీ ఆ డోలు ఎవరిది?

మా టీంలో ఒక మిజో కుర్రాడు ఉండేవాడు. నాలుగేళ్ళు పక్కపక్క సీట్లే. ఓ రోజు లంచ్‌లో నా తెలివి ఎక్కువై, "మీవాళ్ళు తెల్లదొరల మతం పుచ్చుకుని సొంత సంప్రదాయం వదిలేసుకున్నారు కదా, బాధనిపించదా?" అని అడిగేశాను. వాడు నవ్వేసి, "మా ఊరొచ్చి అడుగు" అన్నాడు. అంతే.

పోయినేడాది వాడి పెళ్ళికి ఐజ్వాల్ వెళ్ళాను (మనమూ ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని వెళ్ళాల్సిందే). ఆదివారం పొద్దున టీకొట్టు కోసం కొండ ఎక్కి దిగాను. అన్నీ బంద్. జనమంతా మంచి బట్టలేసుకుని చర్చికి పోతున్నారు. చేసేదేం లేక నేనూ వాళ్ళ వెంట మా వాడి పేటలో ఉన్న ప్రెస్బిటేరియన్ చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

వాళ్ళ నాన్నగారు ఆ సంఘంలో 'ఉపా'. ఉపా అంటే పెద్ద. అసలు ప్రెస్బిటేరియన్ అన్న మాటే గ్రీకులో 'పెద్ద' అనే పదం నుంచి పుట్టింది. ఈ పద్ధతిలో బిషప్పులుండరు. సభ్యులు ఎన్నుకున్న పెద్దలూ, పాస్టరూ కలిసి కూర్చుని సంఘాన్ని నడుపుతారు. 16వ శతాబ్దంలో జెనీవాలో కాల్విన్ దీనికి దారి వేస్తే, 1560లో స్కాట్లండ్ అందుకుంది. వేల్స్‌లో అదే కాల్విన్ బాట పట్టినవాళ్ళు 1811లో ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయారు. వాళ్ళ మనిషి థామస్ జోన్స్ 1841లో ఖాసీ కొండల్లోని సోహ్రాకి వచ్చాడు. 1897లో డి.ఇ. జోన్స్ ఐజ్వాల్ చేరాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1894లో, లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు వచ్చి మిజో భాషకి రోమన్ లిపి కూర్చారు. 1898లో లోరెయిన్ నిఘంటువు అచ్చయింది. మనం బ్రౌన్ దొరని తలుచుకుంటామే, అలాగన్నమాట.

ఇదంతా నా వాదనకే బలం కదా? నేనూ అలాగే అనుకున్నాను, వాళ్ళ నాన్నగారు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక ముక్క చెప్పేదాకా. 'ఉపా' చర్చితో వచ్చిన మాట కాదట. పూర్వం ప్రతి మిజో ఊరికీ 'లాల్' అనే దొర ఉండేవాడు. ఆయన పక్కన కూర్చుని సలహా చెప్పే పెద్దల్ని ఉపా అనేవారు. 1954 చట్టంతో లాల్ పదవులు పోయాయి. ఉపా అన్న మాట మాత్రం చర్చిలో అలాగే ఉండిపోయింది!

డోలు సంగతీ అంతే. మిజోల డోలు పేరు ఖువాంగ్. జూ అనే బియ్యపు మద్యంతో, పాత పాటలతో ముడిపడిందని తొలిరోజుల్లో దాన్ని దూరం పెట్టారు. "అప్పుడు పోయిన పాటలు మళ్ళీ రాలేదు" అన్నారాయన, దాచకుండా. కానీ 1919 నాటి ఉజ్జీవం తర్వాత డోలు చర్చిలో పాతుకుపోయింది. ఆ పొద్దున నేను విన్నాను. ముసలమ్మలు నెమ్మదిగా, సాగదీసి పాడుతుంటే డోలు వెనకనుంచి నడిపిస్తోంది. వేల్స్‌లో అలా పాడరని నాకూ తెలుస్తోంది.

వంటింట్లో వాళ్ళమ్మగారు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేశారు. దీన్ని 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారు, 1910 నుంచీ ఉంది. ప్రతి ఇంటి పిడికెడూ చర్చికి చేరి, అమ్మగా వచ్చిన డబ్బు సేవకి పోతుంది. ఇప్పుడు వేల్స్‌లో చర్చిలు ఖాళీ అయిపోతుంటే మిజో పాస్టర్లు అక్కడికెళ్ళి పనిచేశారు. వేరు ఎక్కడ, కొమ్మ ఎక్కడ?

నా పాత ప్రశ్న సంగతి మా వాడు వాళ్ళ నాన్నకి ముందే చెప్పినట్టున్నాడు. ఆయన కోపం లేకుండా నన్ను తిరిగి అడిగారు: "మీ ఊళ్ళో పెద్దలెవరు బాబూ?"

నోట మాట రాలేదు. మా తాత రచ్చబండ దగ్గర తగువులు తీర్చేవాడని విన్నాను. ఇప్పుడక్కడ ఎవరు కూర్చుంటున్నారో తెలీదు, అసలు రచ్చబండ ఉందో లేదో కూడా తెలీదు. ఊరెళ్ళి ఆరేళ్ళయింది. హైదరాబాద్‌లో నాకున్న పెద్దరికమంతా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ గొడవ.

ఎవరూ నా మీద ఏ మతమూ రుద్దలేదు. నా సంప్రదాయాన్ని ఎవరూ నిషేధించలేదు. నేనే తీరిక లేక వదిలేశాను.

ఎయిర్‌పోర్టుకి దింపడానికొచ్చిన మా వాడికి సారీ చెప్పాను. "దేనికి?" అన్నాడు. వాడికి గుర్తుందని నాకు తెలుసు. సంక్రాంతికి ఊరికి టికెట్ బుక్ చేశాను. ఆ పెద్దాయన ప్రశ్నకి ఒక్క పేరైనా జవాబుగా చెప్పగలగాలి.