రెండు కార్డుల మీదా 3584

మీ ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయో, బీటెక్ చదివే అమ్మాయో ఉంటే ఈ ప్రశ్న మీ చెవిన పడే ఉంటుంది: పాతదే అయినా పెద్ద కార్డు కొనాలా, చిన్నదైనా కొత్తది కొనాలా? గ్రాఫిక్స్ కార్డుల మాట ఎత్తితే నాకు పొద్దే తెలీదు. ఇవాళ కాస్త తీరిగ్గా ఆ కబుర్లే చెప్పుకుందాం.

రెండు కార్డులు ఎదురుగా పెట్టుకుందాం. ఒకటి ఎన్విడియా 2017 మార్చిలో తెచ్చిన జీటీఎక్స్ 1080 టీఐ. అప్పటి ధర 699 డాలర్లు. ఆ రోజుల్లో ఆటలాడే పిల్లల కలల కార్డు. రెండోది 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060. అప్పటి ధర 329 డాలర్లు. కాగితం మీద ధర అది, క్రిప్టో గిరాకీ పుణ్యమా అని ఆ ఏడాది ఆ ధరకి దొరకడమే గగనమైంది. సరే, స్పెసిఫికేషన్లలో కోర్ల సంఖ్య, అంటే లెక్కలు చేసే భాగాల సంఖ్య, ఎంతో చూడండి. మొదటిదానికి 3584. రెండోదానికీ సరిగ్గా 3584.

అయితే రెండూ ఒకటేగా, అంటారు మీరు. కొంచెం ఆగండి. కోరు అంటే ఏమిటో కంపెనీయే నిర్ణయిస్తుంది, తరం మారినప్పుడు లెక్క కూడా మారుతుంది. 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2080 టీఐకి 4352 కోర్లు. 2020లో వచ్చిన 3070కి 5888. మూడో వంతుకు పైగా ఎక్కువ. కానీ ఆటల్లో పెట్టి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే వేగం. ఎందుకంటారా? 2080 టీఐ తరంలో దశాంశ లెక్కలు చేసే భాగాలు వేరు, పూర్ణ సంఖ్యల లెక్కలు చేసే భాగాలు వేరు. మొదటి రకాన్నే కోర్లుగా లెక్కపెట్టారు. కొత్త తరంలో ఆ రెండో రకానికి కూడా దశాంశాల పని నేర్పి, వాటినీ కలిపి లెక్కేశారు. అబద్ధం ఏమీ లేదు, ఆ భాగాలు నిజంగానే రెండు పనులూ చేస్తాయి. కాకపోతే ఆటకి పూర్ణ సంఖ్యల లెక్క అవసరమైనప్పుడు అవి అటు వెళ్లిపోతాయి, ఆ కాసేపు దశాంశాల పనికి అందవు. అందుకే వేర్వేరు తరాల కార్డుల కోర్లు ఎదురెదురుగా పెట్టి పోల్చవద్దని నేను గట్టిగా చెబుతాను. ఒకే తరంలో, ఒకే కుటుంబంలో అయితే నిక్షేపంగా పోల్చుకోండి.

తరాలు మారినా అర్థం మారని లెక్క ఒకటుంది, మెమరీ బ్యాండ్‌విడ్త్. అంటే సెకనుకి మెమరీ నుంచి ఎంత సమాచారం చిప్‌కి అందుతుందో ఆ కొలత. పెళ్లి వంటశాలలో ఎంతమంది వంటవాళ్లున్నా కూరలు తరిగి అందించే చేతులు చాలకపోతే వాళ్లు గరిటె పట్టుకుని నిలబడాల్సిందే కదా, ఇదీ అంతే. లెక్క మీరే వేసుకోవచ్చు. 1080 టీఐకి మెమరీ నుంచి చిప్‌కి ఉన్న దారి, అంటే బస్, 352 బిట్లు, ఒక్కో బిట్ దారిలో సెకనుకి 11 గిగాబిట్లు. ఆ రెంటినీ హెచ్చవేసి 8తో భాగిస్తే సెకనుకి 484 జీబీ. 3060కి 192ని 15తో హెచ్చవేసి 8తో భాగిస్తే 360. నాలుగేళ్ల తర్వాత వచ్చిన కార్డుకి తక్కువ! 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 దగ్గరికి వస్తే ఇంకా తగ్గి 272. బస్‌ని 128 బిట్లకి కుదించారు మరి. అయినా ఎక్కువ ఆటల్లో 3060 కంటే 4060దే వేగం. చిప్ లోపలే 24 ఎంబీల క్యాష్ మెమరీ పెట్టారు. మాటిమాటికీ అవసరమయ్యే సమాచారం అక్కడే దొరికిపోతుంది కాబట్టి మెమరీ దాకా వెళ్లే పని తగ్గింది.

అలాగని 4060ని నేను నెత్తిన పెట్టుకోను. 3060కి 12 జీబీ మెమరీ ఉంటే దీనికి 8 జీబీయే. 2023లో పీసీకి వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' లాంటి ఆటలు సెట్టింగులు పెంచితే ఆ 8 జీబీని ఇట్టే నింపేస్తాయి. నిండాక సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి గానీ మధ్యమధ్యలో బొమ్మ గుక్క పట్టినట్టు ఆగుతుంది. అందుకే సగటు ఒక్కటే చూడకండి, అట్టడుగు ఒక్క శాతం ఫ్రేముల వేగం ఎంతో కూడా చూడండి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేము వంద మిల్లీసెకన్లు తీసుకున్నా సగటులో తెలియదు, కంటికి మాత్రం తెలిసిపోతుంది.

పేరు చూసి కూడా మోసపోకండి. జీటీ 1030 అని చిన్న కార్డు ఉంది. 2017లో వచ్చినదానికి జీడీడీఆర్5 మెమరీ, బ్యాండ్‌విడ్త్ 48 జీబీ. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 మెమరీ వేసి ఇంకోటి అమ్మారు. దానికి 16.8 జీబీ. పెట్టె మీద పేరులో తేడా లేదు, అందేది మూడో వంతు. అప్పో సప్పో చేసి పిల్లలకి కార్డు కొనిచ్చే తల్లిదండ్రులు చేరేది ఈ చిన్న కార్డుల దగ్గరికే. అలాంటి చోట ఒకే పేరు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మళ్లీ మన రెండు కార్డుల దగ్గరికి వద్దాం. మామూలు పద్ధతిలో బొమ్మ గీసే ఆటల్లో 1080 టీఐ, 3060 దాదాపు సమ ఉజ్జీలు. కరెంటులో మాత్రం పోలిక లేదు. పాతది 250 వాట్లు, కొత్తది 170. 16 నానోమీటర్ల నుంచి 8 నానోమీటర్ల తయారీకి మారిన ఫలితం అది. మే నెల విజయవాడలో చిన్న గదిలో కూర్చుని ఆడేవాడికి ఆ 80 వాట్ల వేడి ఎంతో నేను చెప్పక్కర్లేదు.

అంతకన్నా పెద్ద తేడా పాతదానికి అసలు రాని పనుల్లో ఉంది. కాంతి కిరణాల లెక్కలు చేసే రే ట్రేసింగ్ భాగాలు 1080 టీఐలో లేవు. 2024 డిసెంబరులో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్' ఆ భాగాలు లేని కార్డు మీద ఆడదు. నెమ్మదిగా ఆడటం కాదు, ఆడనే ఆడదు. చిన్న బొమ్మని పెద్దదిగా, స్పష్టంగా మార్చే డీఎల్ఎస్ఎస్ కూడా దానికి లేదు. ఆ లోటు కొంత తీర్చింది పోటీ కంపెనీ ఏఎండీ. 2021లో వాళ్లు తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ ఎన్విడియా పాత కార్డుల మీద కూడా పనిచేస్తుంది. పాత కార్డులకి ఆయుష్షు పోసిన మంచి పని అది.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారుకో ఇంకెక్కడికో సెకండ్ హ్యాండ్ కార్డు కోసం వెళ్తే, డబ్బు చేతిలో పెట్టేముందు కనీసం అరగంట బరువైన ఆట ఆడించి చూడండి. గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఈథీరియం క్రిప్టో మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు బోలెడు బజారుకొచ్చాయి. ఫ్యాన్ల చప్పుడు వినండి, తెర మీద చుక్కలూ గీతలూ వస్తున్నాయేమో చూడండి. ఇంట్లో కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లదో ముందే రాసుకెళ్లండి, 1080 టీఐకి 600 వాట్లది ఉండాలంటుంది కంపెనీ. ఇంకో సంగతి, ఆ తరం కార్డులకి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ఇకపై భద్రతకి సంబంధించిన అప్‌డేట్లే. కాబట్టి మీవాడు ఆడేది జీటీఏ 5, వాలరెంట్ అయితే, 1080 టీఐ 3060 ధరలో సగానికి దొరికితే, నిశ్చింతగా తీసుకోనివ్వండి. కొత్త ఆటల పేర్లు చెబుతుంటే మాత్రం ఇంకో నెల ఆగి డబ్బు కూడబెట్టమనండి, 3060కే.