వారం రోజుల అండమాన్: జెట్టీకీ జెట్టీకీ మధ్య ఒక ఊరు

అండమాన్ టూర్ ప్యాకేజీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. విమానం దిగిన సాయంత్రం సెల్యులార్ జైలు, మర్నాడు పొద్దున్నే హ్యావ్‌లాక్ పడవ, అక్కడ రెండు రాత్రులు, నీల్‌లో ఒక రాత్రి, మధ్యలో ఎక్కడో అర్ధరాత్రి దాటాక లేపి బారాటాంగ్, చివరి రోజు శంఖాలూ ముత్యాల దండలూ కొనుక్కోవడం. సగం సెలవు సామాన్లు పట్టుకుని క్యూల్లో నిలబడటానికే సరిపోతుంది. పోర్ట్ బ్లెయిర్‌ని ఈ ప్యాకేజీలు ఆర్టీసీ కాంప్లెక్సులా వాడుకుంటాయి, దిగడానికీ ఎక్కడానికీ. నన్నడిగితే తెలుగువాళ్లు ఈ దీవుల్లో అన్నిటికంటే తీరిగ్గా చూడవలసిన చోటు ఆ ఊరే.

బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున, విశాఖ నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్న దీవుల వరస ఇది. చిన్నా పెద్దా రాళ్లూ దిబ్బలూ కలిపి ఎనిమిది వందల పైచిలుకు. మనుషులుండేవి నలభై లోపే. దక్షిణాన ఉన్న నికోబార్ గిరిజనుల గడ్డ, మామూలుగా పర్యాటకులకు ప్రవేశం లేదు. అండమాన్ దీవులకు మాత్రం భారతీయులకు ఏ పర్మిటూ అక్కర్లేదు, జేబులో ఆధార్ ఉంటే చాలు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. హ్యావ్‌లాక్ 2018 చివర్లోనే స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ల నోట ఇంకా పాతవే. రెండూ తెలిసి ఉంటే జెట్టీ దగ్గర కంగారుపడక్కర్లేదు.

ప్లాను వేసేముందు అర్థం చేసుకోవలసింది ఇక్కడి సూర్యుణ్ణి. మన గడియారాలన్నీ నడిచే రేఖాంశం కాకినాడ పక్కనుంచి వెళ్తుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే పొద్దు నలభై నిమిషాలు ముందు నడుస్తుంది. గడియారం మాత్రం ఢిల్లీదే. మే నెలలో అయిదు కాకుండానే తెల్లారిపోతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదింటికి సూర్యుడు మునిగిపోతాడు, అయిదున్నరకి చిమ్మచీకటి. హైదరాబాద్ అలవాటు ప్రకారం తొమ్మిదింటికి టిఫిను, పదకొండింటికి బయల్దేరడం అంటే సగం రోజు పోగొట్టుకున్నట్టే. రాత్రి తొమ్మిదికి పడుకుని అయిదుకి లేవగలిగితే వారం రోజులు ఎనిమిది రోజుల్లా సాగుతాయి.

ఇక కాలం. మన సెలవుల క్యాలెండరుతో చూస్తే సంక్రాంతి అన్నివిధాలా మంచిది: వానలు వెళ్లిపోయి ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది. కాకపోతే క్రిస్మస్ నుంచి జనవరి సగం దాకా గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. అందుకే పిల్లల పరీక్షల బెడద లేనివాళ్లు ఫిబ్రవరిని పట్టుకోవాలి. వేసవి సెలవుల్లో ఏప్రిల్ బాగుంటుంది, ఉక్కపోత ఎక్కువైనా సముద్రం నిమ్మళంగా, నీళ్లు గాజులా ఉంటాయి. మే మూడో వారం దాటితే మాత్రం వద్దు. నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు తాకేది ఈ దీవులనే. దసరా సెలవులు చూడ్డానికి అనువుగా కనిపిస్తాయి గాని అవి వానలూ వాయుగుండాలూ ఉండే రోజులు. మన కోస్తాకి వచ్చే తుపానుల్లో చాలావాటికి పుట్టిల్లు ఈ దీవుల చుట్టుపక్కలే.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో దాన్ని ఎక్కినవాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. రెండు రోజుల పైన ప్రయాణం, అదీ నెలలో ఎప్పుడో ఒకసారి. వారం సెలవు పెట్టినవాడికి అది కుదరదు, విమానమే గతి. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు. పొద్దున్నే దిగే విమానం దొరికితే కాస్త ధర ఎక్కువైనా అదే తీసుకోండి, ఇక్కడ మధ్యాహ్నం దిగినవాడికి మిగిలేది చీకటే.

జైలుకి సాయంత్రం ధ్వని, వెలుగుల ప్రదర్శన కోసం మాత్రమే వెళ్లకండి. పొద్దున తెరవగానే వెళ్లండి, జనం పల్చగా ఉంటారు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేసిన ఈ కట్టడానికి అప్పట్లో ఏడు రెక్కలు. నడిమధ్య కాపలా బురుజు, చుట్టూ మూడంతస్తుల వరసలు, అన్నీ కలిపి 690కి పైగా ఒంటరి గదులు. ఏ గది తలుపులోంచి చూసినా ఎదుటి వరస వీపే కనపడుతుంది. ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదని అలా కట్టారు. భూకంపం కొంత, మనుషులు కొంత కూల్చగా ఇప్పుడు మిగిలింది మూడు రెక్కలు. కూలినచోట ఊరి పెద్దాసుపత్రి లేచింది.

జైలుకంటే ముందే ఇక్కడ ఖైదీలున్నారు. 1858 మార్చిలో తొలి విడతగా రెండు వందల మందిని తెచ్చి దింపారు. 1857లో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద జరిగిన దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌కి ద్వీపాంతరవాస శిక్ష వేసి పంపింది ఇక్కడికే. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసు ముద్దాయి ప్రతివాది భయంకరాచారి కూడా ఈ గదుల్లో గడిపినవాడే. గైడ్లు ఒకరిద్దరి పేర్లు మాత్రమే చెప్పి ముందుకి లాక్కుపోతారు. మన వాళ్ల సంగతి అడిగితేగాని చెప్పరు, అడగండి. ఈ ఊరు పడ్డ బాధలు బ్రిటిష్‌వాళ్లతోనే ముగిసిపోలేదు. 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగాక గూఢచారులన్న అనుమానంతో ఊరివాళ్లని చిత్రహింసలు పెట్టి చంపింది. 1944 జనవరిలో ఒక్కరోజే 44 మందిని కాల్చేసిన చోట స్మారకం ఉంది. నేతాజీ ఇక్కడ జెండా ఎగరేసి అప్పటికి నెల.

జైలు దిగి అబర్డీన్ బజార్‌లోకి వస్తే వేరే లోకం. ఈ ఊళ్లో ఉన్నవాళ్లంతా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే: ఖైదీల మనవలు, దేశ విభజనప్పుడు తూర్పు బెంగాల్ వదిలొచ్చినవాళ్లు, తమిళులు, మలయాళీలు, రాంచీ నుంచి అడవి పనికి తెచ్చిన ఆదివాసులు, మనవాళ్లు. అందరినీ కలిపే భాష హిందీ. 2011 జనాభా లెక్కల్లో ఈ కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్న 3,80,581 మందిలో నూటికి పదమూడుమంది తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళంలో, ఆ తర్వాత విజయనగరం, విశాఖల్లో. ఉద్దానం వైపు కొన్ని ఊళ్లలో అండమాన్ అంటే పక్క మండలమన్నంత దగ్గర. చేపల వేటకి వచ్చినవాళ్లు, కట్టడాల పనికి వచ్చినవాళ్లు, ఒకరి వెనక ఒకరు వచ్చి స్థిరపడ్డారు. పిల్లలకి తెలుగు మాధ్యమంలో సర్కారు బడి కూడా ఏర్పడింది.

వాళ్లని చూడాలంటే పొద్దున్నే జంగ్లీఘాట్ వెళ్లాలి. ఏ ప్యాకేజీలోనూ ఉండదిది. పడవలు ఒడ్డుకి చేరాక వంజరాలూ సూరలూ దింపుతుంటే వినపడే బేరాల్లో సగం శ్రీకాకుళం యాసే. మీరు తెలుగులో రెండు ముక్కలు మాట్లాడారంటే చాలు, "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అని మొదలవుతుంది. ఊరు చెబితే తాలూకా, తాలూకా చెబితే చుట్టరికం. మన రాష్ట్రాన్ని వాళ్లు అందరిలాగే మెయిన్‌ల్యాండ్ అంటారు, అక్కడి పెళ్లికి వెళ్లి రావడం కూడా ఓడల రాకపోకల్ని చూసుకుని ముహూర్తం పెట్టుకునే వ్యవహారం. మీరు చేపలు తినేవాళ్లైతే రిసార్టులో పీతల వేపుడికి వేలు పోసేముందు ఈ చుట్టుపక్కల చిన్న హోటల్లో చేపల పులుసు భోజనం చెయ్యండి.

ఆ రోజే మధ్యాహ్నం చాథం కలప మిల్లు చూడొచ్చు. 1883లో పెట్టింది, జపాన్ కాలంనాటి బాంబు గుంట అందులో ఇంకా ఉంది. జైలు మీంచి ఎదురుగా కనిపించే రాస్ దీవి ఒకప్పుడు బ్రిటిష్ పాలకుల నివాసం. పడవలో కొద్ది నిమిషాలే. బేకరీ, చర్చి, దొరల బంగళా అన్నిటినీ మర్రిజాతి చెట్ల ఊడలు పట్టి పిండేశాయి. జింకలు మనుషుల చేతిలోవి లాక్కుని తింటాయి. జైలు చూసినవాళ్లు దీన్ని వదలకూడదు. రెంటినీ కట్టించింది ఒకే దొరతనం.

ఇప్పుడు పడవలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్‌కి ఏసీ ప్రైవేటు పడవలు గంటన్నర, రెండు గంటల్లో వెళ్తాయి. సర్కారు పడవ రెండున్నర గంటలు, ధరలో మాత్రం చాలా తక్కువ, పైగా డెక్కు మీద నిలబడి సముద్రం చూడనిస్తారు. ప్రైవేటు దాన్లో అద్దాల వెనక కుర్చీకి అతుక్కుని కూర్చోవాలి. కడుపులో తిప్పే స్వభావమున్నవాళ్లు బయల్దేరడానికి గంట ముందే మాత్ర వేసుకోవడం మంచిది.

హ్యావ్‌లాక్‌లో బీచ్‌లకి పేర్లతోపాటు నంబర్లున్నాయి. ఏడో నంబరు రాధానగర్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దీన్నే, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపూ వచ్చింది. పొగడ్తలకి తగ్గ బీచే. వెనక ఆకాశమంత చెట్ల అడవి, ముందు ఎత్తుపల్లాల్లేని ఇసక. మూడున్నరకల్లా చేరుకుంటే పొద్దు వాలేలోపు తనివితీరా స్నానం చెయ్యొచ్చు. అయితే కాపలావాళ్లు చెప్పిన హద్దులోనే. ఉప్పునీటి మొసళ్లు ఇక్కడ కట్టుకథలు కావు, 2010లో ఈ పక్కనే ఉన్న సముద్రపు చిన్న మలుపులో ఒక విదేశీ మహిళ మొసలికి బలైంది.

ఈత రానివాళ్లూ శిక్షకుడి చెయ్యి పట్టుకుని నీటిలోకి దిగొచ్చు, స్కూబా డైవింగ్‌కి దేశంలో ఇంతకంటే మంచి చోటు లేదు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి బాధలు ఉన్నవాళ్లు ముందు డాక్టరుని అడగాలి. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లో కరిగిన నత్రజని పైకెళ్లాక బుడగలై ప్రమాదం తెస్తుంది. అందుకని దీన్ని వారం మధ్యలోనే పెట్టుకోవాలి. మరీ రంగురంగుల పగడాలు ఆశిస్తే నిరాశే, 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి చాలా పగడాలు పాలిపోయాయి. చేపలు మాత్రం కళ్లు తిప్పుకోనివ్వవు.

నీల్ చాలా చిన్నది, సైకిలు మీద ఒక్క పూటలో చుట్టొచ్చు. కాందిశీకులై వచ్చిన బెంగాలీలు ఊళ్లకి రామాయణం పేర్లు పెట్టుకున్నారు: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. పోర్ట్ బ్లెయిర్ తినే కూరగాయల్లో చాలావరకు ఇక్కడ పండినవే. ఇక్కడ గడియారం కంటే ఆటుపోట్లు ముఖ్యం. పోటు మీద భరత్‌పూర్ ఈతకి బాగుంటుంది, పాటు వేళ అదే చోట మోకాలిలోతు నీళ్లూ కాళ్లు కోసే రాళ్లూ. సహజ రాతి వంతెన దగ్గరికి పాటు వేళలోనే నడవగలరు. పున్నమికీ అమావాస్యకీ ఈ తేడా బాగా ఎక్కువ. హోటల్లో దిగగానే ఆ రోజు పోటు వేళలు అడిగి రాసుకోండి.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకి నేను వెళ్లమనను. గుహలు బాగుండవని కాదు. అక్కడికి వెళ్లే రోడ్డు జారవాల అడవిని చీల్చుకుంటూ పోతుంది. కొన్ని వందలమందే ఉన్న జాతి వాళ్లది. 1990ల చివర్లో బయటివాళ్లతో కలవడం మొదలుపెట్టగానే తట్టు సోకింది. ఆ రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, ఇప్పటికీ పోలీసు కాన్వాయ్‌లో బండ్లు వరసకట్టి పోతూనే ఉన్నాయి. ఫొటో తియ్యడం నేరం, బండి ఆపడం నేరం అని బోర్డులుంటాయి. డ్రైవర్లు మాత్రం "అదృష్టముంటే కనపడతారు" అని ఊరిస్తారు. మనుషుల్ని అభయారణ్యంలో జంతువుల్లా కిటికీలోంచి చూసే ఆ రోజుని జంగ్లీఘాట్‌కి ఇచ్చెయ్యండి.

డబ్బుల సంగతికొస్తే, 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోన్లూ ఫోన్ చెల్లింపులూ బాగానే పనిచేస్తున్నాయి, అయినా చిన్న దీవుల్లో నగదు దగ్గరుండాలి. ఇంకో జాగ్రత్త: ఒడ్డున దొరికిన పగడపు ముక్కని సంచిలో వేసుకోకండి, వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

రాత్రుల లెక్క చెప్పాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో మూడు, హ్యావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి. వెంట పెద్దవాళ్లుంటే నీల్ మానేసి ఆ రాత్రి హ్యావ్‌లాక్‌కే కలపండి. ముందు విమానం టికెట్లు, తర్వాత పడవ టికెట్లు, అవి ఖాయమయ్యాకే హోటళ్లు బుక్ చేసుకోండి. ఆఖరి రాత్రి ఎట్టి పరిస్థితుల్లోనూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, గాలి పెరిగితే పడవలు ఆపేస్తారు, విమానం మీకోసం ఆగదు.